కొండకు ఒదిగే ఇల్లు

హిమాలయాల్లో నిన్నమొన్న లేచిన మేడలు కూలుతున్నాయి, ఐదొందల ఏళ్ల కట్టడాలు నిలబడుతున్నాయి. పర్వతం మీద ఆధునికంగా కట్టడం అంటే ఏమిటో ఇప్పుడు హిమాచల్‌లోని కాంగ్రా, కులు లోయలు కొత్తగా నేర్పుతున్నాయి.

1905 ఏప్రిల్ 4 ఉదయం కాంగ్రా లోయ కంపించింది. తీవ్రత 7.8. కాంగ్రా, ధర్మశాల, పాలంపూర్ నేలమట్టమయ్యాయి. కొండ అంచున శతాబ్దాలుగా నిలిచిన కాంగ్రా కోట కూలింది. వజ్రేశ్వరి ఆలయం కూలింది. సుమారు 20 వేలమంది ప్రాణాలు పోయాయి. పక్కనున్న కులు లోయ కూడా ఆ దెబ్బ తిన్నది. కానీ బియాస్ నది పక్క కొండవాలు మీద, నగ్గర్‌లో పదిహేనో శతాబ్దంలో కట్టిన రాజకోట మాత్రం చెక్కుచెదరలేదు. దాని గోడల్లో ఉన్నవి రాయి, దేవదారు దూలాలు మాత్రమే. అతికించడానికి సున్నం కూడా వాడలేదు. ఇప్పుడక్కడ రాష్ట్ర పర్యాటక సంస్థ హోటల్ నడుపుతోంది.

2023 ఆగస్టు 24న అదే కులు జిల్లాలోని ఆనీలో బస్టాండు దగ్గర బహుళ అంతస్తుల కాంక్రీటు భవనాలు చూస్తుండగానే ఒకదాని వెంట ఒకటి కూలాయి. పగుళ్లు ముందే కనిపించడంతో ఖాళీ చేయించారు కాబట్టి జనం బతికిపోయారు. పది రోజుల ముందు సిమ్లాలోని సమ్మర్‌హిల్‌లో కొండచరియ విరిగి శివాలయం మీద పడింది, 20 మంది చనిపోయారు. ఆ ఏడాది జనవరిలోనే ఉత్తరాఖండ్‌లో జోషీమఠ్ కుంగిపోయింది. 800కు పైగా ఇళ్లు బీటలు వారాయి. 12 రోజుల్లో నేల 5.4 సెంటీమీటర్లు దిగిందని ఇస్రో ఉపగ్రహ చిత్రాలు చూపించాయి.

కొండమీద కట్టిన ఇంటి గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా కిటికీలోంచి కనిపించే మంచు శిఖరాల దగ్గరే ఆగిపోతాం. ఇంటి కింద ఉన్న వాలు, వాలులో దిగే నీరు, ఎండ వచ్చే దిక్కు, ఎప్పుడైనా కదిలే భూమి: ఈ నాలుగింటికీ జవాబు చెప్పలేని ఇల్లు ఎంత అందంగా ఉన్నా కొండ ఇల్లు కాదు. మైదానంలో కట్టాల్సిన ఇంటిని తెచ్చి కొండమీద పెట్టినట్టే.

గోడలోనే గుట్టు

నగ్గర్ కోట గోడ దగ్గరికి వెళ్లి చూస్తే ఒక వరస రాయి, ఒక వరస కర్ర కనిపిస్తాయి. ఈ పద్ధతిని స్థానికులు కాఠ్‌కుణి అంటారు. రాతి పునాది మీద గోడ మందం అంత ఎడంతో రెండు దేవదారు దూలాలను పక్కపక్కనే పరుస్తారు. మధ్య ఖాళీని రాళ్లతో నింపుతారు. దూలాలు బయటికి విచ్చుకోకుండా అక్కడక్కడ అడ్డంగా ఒక చెక్క బిగిస్తారు. దాని చివర్లు వెడల్పుగా చెక్కి ఉంటాయి కాబట్టి ఎంత లాగినా ఊడిరాదు. మూలలో ఒక గోడ దూలం మీదికి పక్క గోడ దూలం ఎక్కుతుంది, అక్కడ చెక్క మేకు దిగుతుంది. ఆపైన రాళ్ల వరస, మళ్లీ దూలాలు. పైకి వెళ్లేకొద్దీ రాయి తగ్గుతుంది, కర్ర పెరుగుతుంది. అంటే గోడ బరువంతా కింద, తేలిక పైన.

భూమి కదిలినప్పుడు ఈ గోడ పుస్తకాల దొంతరలాగా ప్రవర్తిస్తుంది. పొరలు కాస్త జరుగుతాయి, ఒకదానితో ఒకటి రాసుకుంటాయి. ఆ రాపిడిలోనే కంపన శక్తి చాలావరకు ఖర్చవుతుంది. మూలల్లో పెనవేసుకున్న దూలాలు నాలుగు గోడలనూ విడిపోనివ్వవు. ఇప్పటి భారతీయ ప్రమాణాలు భూకంప ప్రాంతాల్లో రాతి, ఇటుక ఇళ్లకు పునాది పైన, ద్వారబంధాల పైన, కప్పు కింద చుట్టూ పట్టీ వేయమంటాయి. కొండ మేస్త్రీలు ఆ పట్టీని అడుగడుగుకీ వేస్తూ వచ్చారు.

చలికి కూడా ఈ ఇంటి దగ్గర జవాబుంది. కింది అంతస్తు గొడ్లకు. వాటి ఒంటి వేడి పైకెక్కి ఇంటిని వెచ్చబరుస్తుంది. మందపాటి గోడలు పగటి ఎండను రాత్రిదాకా దాచుకుంటాయి. పై అంతస్తు చుట్టూ గోడ దాటి బయటికి వచ్చే చెక్క వసారా చలికాలంలో ఇంటిల్లిపాదికీ ఎండ కాచుకునే చోటు. పైన పలకరాతి కప్పు బరువుగా కూర్చుని గాలికి ఇల్లు లేవకుండా పట్టి ఉంచుతుంది.

శిఖరం ఉత్తరాన, ఎండ దక్షిణాన

కాంగ్రా లోయలో ధౌలాధార్ పర్వతశ్రేణి ఉత్తరాన ఉంటుంది. కొత్తగా కట్టే విల్లాల్లో పెద్ద గాజు గోడను అటే పెడతారు, మంచు కనిపించాలి కదా. చలికాలంలో ఆ గాజులోంచి ఎండ రాదు, లోపలి వేడి మాత్రం బయటికి పోతుంది. ఆ నష్టాన్ని రాత్రంతా హీటర్లు పూడ్చాలి.

పాత ఇళ్లు దక్షిణానికి తిరిగి కూర్చున్నది అందుకే. ఈ ప్రాంతం 32 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు మూడోవారంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 34 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. జూన్‌లో 81 డిగ్రీలు దాటి దాదాపు నడినెత్తికి వస్తాడు. దక్షిణం వైపు ఆరడుగుల కిటికీ పెట్టి, దానిమీద రెండడుగుల చూరు దించామనుకోండి. జూన్ మధ్యాహ్నం కిటికీ మొత్తం నీడలో ఉంటుంది. డిసెంబరు మధ్యాహ్నం పైన దాదాపు అడుగున్నర పోను మిగతాదంతా ఎండే. ఒక్క చూరు కొలత సరిగ్గా కుదిరితే ఏడాది పొడవునా కరెంటు ఖర్చు లేకుండా పనిచేస్తుంది. శిఖరం చూడటానికి ఉత్తరాన ఒక చిన్న కిటికీ చాలు. కూర్చునే చోటుకు సరిగ్గా ఎదురుగా పెడితే ఆ దృశ్యం గాజు గోడలోకన్నా బాగా మనసుకు ఎక్కుతుంది.

వాలు సంగతి ఇంతకన్నా గడ్డు. చదును కోసం కొండను ఒకవైపు తవ్వి, ఆ మట్టిని లోయవైపు పోస్తారు. దాంతో సగం ఇల్లు గట్టి నేలమీద, సగం పోసిన మట్టిమీద నిలుస్తుంది. వానలకు పోసిన వైపు కుంగుతుంది, ఇల్లు మధ్యలో బీట వారుతుంది. స్తంభాల మీద కట్టే మేడల్లో మరో ప్రమాదం ఉంది. కొండవైపు స్తంభాలు పొట్టిగా, లోయవైపు పొడవుగా ఉంటాయి. భూకంపంలో బిగుసుకుని ఉండే పొట్టి స్తంభాల మీదే ఎక్కువ భారం పడుతుంది, ముందు అవే విరుగుతాయి. పాతకాలపు వాళ్లు పొలానికి కట్టినట్టే ఇంటికీ మెట్లుమెట్లుగా గట్లు కట్టారు. గట్టును కాపాడే రాతి గోడను హిమాచల్‌లో డంగా అంటారు. సిమెంటు లేని డంగాలో రాళ్ల సందుల్లోంచి నీరు కారిపోతుంది. కాంక్రీటుతో కట్టి నీటికి రంధ్రాలు వదలకపోతే వెనక నిలిచిన నీటి ఒత్తిడే గోడను తోసేస్తుంది.

చివరికి అన్నీ నీటి దగ్గరికే వస్తాయి. జోషీమఠ్ పాత కొండచరియల శిథిలాల మీద వెలసిన ఊరని, అక్కడ భారీ నిర్మాణాలు వద్దని 1976లోనే మిశ్రా కమిటీ హెచ్చరించింది. ఊరు పెరిగింది, మురుగు కాలువలు పెరగలేదు. ఇళ్ల నీళ్లు, హోటళ్ల నీళ్లు ఏళ్ల తరబడి వదులు నేలలోకే ఇంకాయి.

మట్టిని నమ్మిన దీదీ

ఇదంతా గతకాలపు ముచ్చట కాదని చూపించిన మనిషి దీదీ కాంట్రాక్టర్. 1929లో అమెరికాలోని మినియాపోలిస్‌లో పుట్టారు. తండ్రి జర్మన్ చిత్రకారుడు, తల్లి అమెరికన్ చిత్రకారిణి. గుజరాతీ ఇంజినీరును పెళ్లాడి భారతదేశానికి వచ్చారు, తర్వాత కాంగ్రా లోయలో స్థిరపడ్డారు. వాస్తుశిల్పంలో ఆమెకు డిగ్రీ లేదు. ఆమె పేరు నిలబెట్టిన ఇళ్లు చాలావరకు అరవై ఏళ్లు దాటాక కట్టినవే. 2019లో రాష్ట్రపతి చేతులమీదుగా నారీశక్తి పురస్కారం అందుకున్నారు. 2021 జులైలో కన్నుమూశారు.

ఆమె పద్ధతి సూటిగా ఉంటుంది. పునాదికి వాగులో దొరికే గుండ్రాళ్లు. పునాది కోసం తవ్విన మట్టినే తొక్కి, గడ్డి కలిపి, అచ్చు పోసి ఎండలో ఆరబెట్టిన పచ్చి ఇటుకలు. కప్పుకు వెదురు, పలకరాయి. పైపూతకు మట్టి, ఊక, పేడ. దేశంలో అధిక వర్షపాతం ఉన్న చోట్లలో ధర్మశాల ఒకటి. అలాంటి చోట మట్టిగోడ నిలవాలంటే కింద రాతి పీఠం ఎత్తుగా ఉండాలి, పైన చూరు బాగా ముందుకు రావాలి. ఈ రెండిటి దగ్గర ఆమె రాజీపడలేదు. సిద్ధబాడీలోని నిష్ఠ ఆరోగ్య కేంద్రం, పాలంపూర్ దగ్గరి సంభావన సంస్థ, బీర్‌లోని ధర్మాలయ ఈ పద్ధతిలో లేచినవే. లోపల మాత్రం ఎక్కడా చీకటి ఉండదు. పైకప్పు నుంచి దిగిన వెలుగు మెట్ల వంపుల మీదుగా, గోడలోనే మలిచిన గూళ్ల మీదుగా గదిలోకి పాకుతుంది. సదుపాయాలన్నీ ఈ కాలానివే.

మట్టి ఇల్లు భూకంపానికి ఆగుతుందా అన్న ప్రశ్న న్యాయమైనది. నిర్లక్ష్యంగా కడితే ఆగదు. 1905 మరణాల్లో ఎక్కువ భాగం బరువైన గోడలు, కప్పులు మీద పడటంవల్లే. అందుకే మట్టి కట్టడాలకు 1993లో విడిగా భారతీయ ప్రమాణం వచ్చింది. గోడ ఎత్తుకు హద్దు, చిన్న కిటికీలు, మూలలకు ఊతం, చుట్టూ పట్టీ, తేలిక కప్పు పాటించాలని అది చెబుతుంది. తప్పు మట్టిది కాదు, కట్టే తీరుది.

పాత తెలివి, కొత్త లెక్క

2005 అక్టోబరు 8న కశ్మీర్‌లో 7.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. చెక్క చట్రాల గళ్లలో రాయి, మట్టి కూరిన ధజ్జీ దివారీ ఇళ్లు మిగతా వాటికన్నా బాగా తట్టుకున్నాయి. నియంత్రణ రేఖకు అవతల పునర్నిర్మాణంలో ఈ పద్ధతికి ప్రభుత్వ ఆమోదం లభించి, వేల ఇళ్లు అలా లేచాయి. ఆమోదం దొరికితేనే సహాయ నిధులు దొరుకుతాయి, అసలు మలుపు అక్కడే ఉంది. చలి విషయంలోనూ అంతే. లద్దాఖ్‌లోని ఫే దగ్గర సెక్‌మోల్ విద్యాలయం దక్షిణం వైపు గాజు, మందపాటి మట్టిగోడల సాయంతో ఎండతోనే చలికాలం గడుపుతోంది.

స్విట్జర్లాండ్‌లోని వ్రిన్ అనే చిన్న ఊరు మరో పాఠం. అక్కడ పుట్టి పెరిగిన వాస్తుశిల్పి జియోన్ కమినాదా, మూలల్లో దుంగలు పెనవేసే ఊరి పాత పద్ధతిలోనే కొత్త ఇళ్లు, పశువుల కొట్టాలు, కబేళా కట్టారు. 1998లో ఆ ఊరికి దేశంలో పేరున్న వాకర్ పురస్కారం దక్కింది. పర్యాటకుల విల్లాలకన్నా ముందు పశువుల కొట్టానికి మంచి నిర్మాణం ఇవ్వడమే దాని గొప్పతనం.

అందరూ కాఠ్‌కుణి ఇల్లు కట్టుకోగలరా? లేదు. ఒక ఇంటికి పట్టే దేవదారు చెట్లు పెరగడానికి తరాలు పడుతుంది, నరకడం మీద ఆంక్షలున్నాయి, పనితనం తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు. మట్టి ఇళ్లలో ఏటా అలికే చాకిరీ ఆడవాళ్ల మీదే పడేది. కాంక్రీటు వాళ్లకు విముక్తిలా కనిపించడంలో వింత లేదు. కాబట్టి కావలసింది నకలు కాదు. దూలాలను పట్టీల వరకే వాడటం, విప్పిన పాత ఇళ్ల కలపను తిరిగి వాడటం, చట్రానికి వెదురు తేవడం, అవసరమైన చోట కొలతగా సిమెంటు వాడటం. ఈ దారిలో పనిచేసే యువ వాస్తుశిల్పులు ఇప్పుడు హిమాచల్‌లో ఉన్నారు. వాళ్లకు ఇంజినీరింగ్ కళాశాలలు, ఇంటి రుణాలిచ్చే బ్యాంకులు తోడు రావాలి.

కొండమీద స్థలం చూసేటప్పుడు అడగాల్సినవి

• వాన వెలిశాక నీరు ఎటు పోతోంది? పాత వాగు దారి ఈ స్థలంలో ఉందా?
• చెట్లు, కరెంటు స్తంభాలు ఒకే వైపు ఒరిగి ఉన్నాయా? అలా ఉంటే నేల జారుతోందని అనుమానించాలి.
• చదును చేసిన నేల తవ్వినదా, పోసినదా?
• మురుగు ఎక్కడికి వెళ్తుంది? వాలులోకే ఇంకుతుంటే కింది ఇంటికీ ముప్పే.
• డిసెంబరులో ఎండ ఎన్ని గంటలు పడుతుంది?

మన కొండల మాట

తెలుగు కుటుంబాల్లోనూ కొండమీద సొంతిల్లు ఒక కల అవుతోంది. ముందు చట్టం తెలుసుకోవాలి. హిమాచల్‌లో అక్కడి వ్యవసాయదారులు కానివాళ్లు భూమి కొనాలంటే 1972 భూసంస్కరణల చట్టంలోని 118వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. మన అరకు, పాడేరు, లంబసింగి షెడ్యూల్డ్ ప్రాంతాలు, అక్కడ 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులకు భూమి బదిలీ కుదరదు. బినామీ పేర్లతో లేచే కట్టడాలు గిరిజనుల హక్కును కాజేయడమే.

తూర్పు కనుమలు హిమాలయాల్లాంటివి కావు, ఇక్కడ భూకంప ప్రమాదం తక్కువ. వాలు, వాన మాత్రం ఇక్కడా ఉన్నాయి. మన్యం పల్లెల్లో మట్టిగోడలు, దిగువకు వంగిన చూరు, ముందు అరుగు ఉన్న ఇళ్లు ఆ నేలకు సరిపోయిన జవాబులు. ప్రభుత్వ ఇళ్ల పథకాలు మైదానానికి గీసిన నమూనానే కొండకూ పంపుతున్నంతకాలం ఆ జవాబులు ఒక్కొక్కటిగా మాయమవుతాయి. కొండ ప్రాంతాలకు విడి నమూనాలు గీయాలి. స్థానిక పద్ధతిలో కట్టిన ఇంటినీ పక్కా ఇల్లుగా గుర్తించి బిల్లు చెల్లించాలి. నేల పరీక్ష, నీటి పారుదల పథకం లేనిదే పర్యాటక కట్టడాలకు అనుమతి ఇవ్వకూడదు. కశ్మీర్ భూకంపం తర్వాత చేయగలిగిన పనిని మనం భూకంపం రాకముందే, కొండ విరగకముందే చేసుకోవచ్చు.