ట్యాబ్ మీటకు ఊరి పేర్లు నేర్పడం

హోసూరు పట్టణానికి మా కంప్యూటరులో ఒకప్పుడు మూడు పేర్లుండేవి. తెలుగు పుస్తకాలు చదివి వచ్చినవారు 'హోసూరు' అని రాశారు. బడిలో కన్నడం చదివినవారు 'హొసూరు' అని రాశారు. కన్నడంలో కొత్త ఊరు అనే అర్థంతో అది హ్రస్వంగానే ఉంటుంది. తమిళ మాధ్యమం నుంచి వచ్చినవారు 'ఓసూరు' అన్నారు. మాటగా చూస్తే దేన్నీ తప్పు పట్టలేం. యంత్రానికి మాత్రం అవి మూడు ఊళ్ళు. మేము సేకరించిన పెళ్ళిపాటల రికార్డింగులు మూడు డైరెక్టరీలలోకి చెదిరిపోయాయి. పాత డిస్కును చెరిపేముందు మేము 'హోసూరు' ఒక్కదానికే నకలు తీసి ఊరుకున్నాం. పోయిన పాటల్లో రెండింటిని మళ్ళీ పాడించుకోగలిగాం; మిగిలినవి పాడిన అవ్వ అప్పటికే కాలం చేసింది.

ఆ తరువాత మేము చేసుకున్న ఏర్పాటును ఇక్కడ వివరిస్తున్నాం. బళ్ళారిలోనో బరంపురంలోనో సిరొంచలోనో ఇటువంటి సేకరణ చేసే విద్యార్థులకు ఇది పనికి రావచ్చు.

మనం టైపు చేసిన ఆదేశాన్ని చదివి అమలు జరిపే ప్రోగ్రామును షెల్ అంటారు. లైనక్స్ యంత్రాలలో ఎక్కువగా కనిపించే షెల్ బాష్. దీన్ని బ్రయన్ ఫాక్స్ గ్నూ ప్రాజెక్టు కోసం రాయగా 1989లో విడుదలైంది. ఫైలు పేరులో మొదటి అక్షరాలు కొట్టి ట్యాబ్ మీట నొక్కితే మిగతా పేరును షెల్లే పూరిస్తుందని చాలామందికి తెలుసు. ఏ ఆదేశం తరువాత ఏ మాటలు రావాలో మనమే నేర్పే వీలు బాష్‌లో 2000 సంవత్సరంలో వచ్చిన 2.04 కూర్పుతో కలిగింది. మాకు కావలసింది ఇదే. (మ్యాక్ యంత్రాలలో 2019 నుంచి జడ్‌షెల్ ముందుగా తెరుచుకుంటుంది, దాని పద్ధతి వేరు. బాష్ అని కొట్టి ఇందులోకి రావచ్చు.)

రికార్డింగును ఊరి డైరెక్టరీలో భద్రపరచడానికి మేము ఒక చిన్న స్క్రిప్టు రాసి దానికి 'పాట' అని పేరు పెట్టాం. ఆదేశం పేరు కూడా తెలుగులోనే ఉంటే మధ్యలో కీబోర్డు మార్చే అవస్థ తప్పుతుంది. ఇక నేర్పవలసిన వాక్యం ఒక్కటే: కంప్లీట్, ఖాళీ, హైఫన్, పెద్ద డబ్ల్యూ, ఖాళీ, కొటేషన్ గుర్తుల మధ్య ఊళ్ళ పేర్లు ఖాళీ ఖాళీ ఎడంగా, మళ్ళీ ఖాళీ, చివర 'పాట'. కంప్లీట్ అనే మాటను రోమన్ లిపిలో, అన్నీ చిన్న అక్షరాలతో కొట్టాలి. ఖాళీయే పేర్లను విడదీస్తుంది కనుక 'పర్లాకిమిడి'ని ఒకే మాటగా రాయాలి. ఈ వాక్యాన్ని హోం డైరెక్టరీలోని బాష్ఆర్‌సీ ఫైలులో చేర్చి కొత్త కిటికీ తెరిస్తే చాలు.

ఇప్పుడు 'పాట' అని కొట్టి, ఖాళీ వదిలి, 'య' కొట్టి ట్యాబ్ నొక్కితే 'యానాం' వస్తుంది. 'బ' కొట్టి నొక్కితే ఏమీ రాదు. బళ్ళారి, బరంపురం రెండూ ఉన్నాయి కదా. రెండోసారి నొక్కితే రెండింటినీ చూపుతుంది. తెలుగులో గుణింతపు గుర్తు హల్లు తరువాత చేరే వేరే సంకేతం. అందువల్ల 'క' ఒక్కటే కొట్టినా కోలారూ కృష్ణగిరీ రెండూ పోటీకి వస్తాయి. కొన్ని టెర్మినళ్ళలో ఒత్తులు చెదిరి కనిపిస్తాయి. కంటికి ఇబ్బందే గాని, లోపల నమోదయ్యే పేరు సరిగానే ఉంటుంది.

కనిపించని చిక్కు మరొకటుంది. 'చెన్నై'లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ రాయవచ్చు, రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. తెర మీద తేడా తెలియదు. షెల్ మాత్రం వాటిని వేరు పేర్లుగా లెక్కిస్తుంది. 'చె' కొట్టి ట్యాబ్ నొక్కినవారికి ఎప్పుడూ జాబితాలోని రూపమే వస్తుంది.

ఊరి తరువాత పాడినవారి పేరు కూడా పూరించాలంటే పై వాక్యం చాలదు. డబ్ల్యూ స్థానంలో పెద్ద ఎఫ్ పెట్టి, మనం రాసిన ఒక ఫంక్షన్ పేరు ఇవ్వాలి. ట్యాబ్ నొక్కినప్పుడల్లా షెల్ దాన్ని పిలిచి, అంతవరకు కొట్టిన మాటలను, ఇప్పుడు ఎన్నో మాట మీద ఉన్నామో ఆ సంఖ్యను అందిస్తుంది. లెక్క సున్నాతో మొదలవుతుంది. 'పాట' సున్నా, ఊరు ఒకటి. ఒకటైతే ఊళ్ళ జాబితా, రెండైతే ఆ ఊరి డైరెక్టరీలోని పేర్లు తీసి, కంప్‌జెన్ ఆదేశంతో సరిపోలినవి ఏరి, కాంప్‌రిప్లై అనే చలరాశిలో ఉంచితే మిగతా పని షెల్ చూసుకుంటుంది.

ఊళ్ళ జాబితాను డైరెక్టరీల నుంచే తీసుకోవచ్చు కదా అని కొందరు అడిగారు. అలా చేస్తే ఒకరు పొరపాటున సృష్టించిన 'హొసూరు'ను రేపటి నుంచి అందరికీ ట్యాబే అందిస్తుంది. అందుకే జాబితాను వేరే ఫైలులో ఉంచి, చర్చించాకే పేరు చేరుస్తున్నాం. ట్యాబ్ సూచిస్తుందే తప్ప అడ్డుకోదని కూడా గమనించాలి. పూర్తిగా చేత్తో కొట్టినవారిని అది ఆపలేదు. జాబితాలో లేని ఊరైతే నిరాకరించే పని స్క్రిప్టుకే అప్పగించాం.

ఒడియా బడిలో చదివిన విద్యార్థులు బరంపురాన్ని 'బ్రహ్మపూర్' అనే రాస్తారు. జాబితాలో 'బరంపురం' ఉంచి, వారి రూపాన్ని డైరెక్టరీ లోపలి వివరాల ఫైలులో నమోదు చేశాం. ఆ పేరుతో వెదికినా పాటలు దొరుకుతాయి. హోసూరుకూ అలాగే మిగతా రెండు రూపాలు రాసి పెట్టాం.