బస్తాకు ఎన్ని నీళ్లు?

పొద్దున పదకొండు దాటితే ఊళ్లో సీసీ రోడ్డు పని దగ్గర ఒకటే హడావుడి. మిక్సర్ గిరగిరా తిరుగుతుంటుంది. కూలీలు తట్టలు అందుకుంటుంటారు. ఎండకి మాలు బిగుసుకుపోతుంటుంది. బిగిసిన మాలును పరచడం కష్టం కాబట్టి, ఇంకో బకెట్ నీళ్లు పొయ్యమంటాడు మేస్త్రి. పని సులువవుతుంది. రోడ్డు ఆయుష్షు తగ్గడం కూడా ఆ బకెట్టుతోనే మొదలవుతుంది.

సిమెంటు గట్టిపడటానికి కావలసిన నీళ్లు తక్కువే. ఎక్కువైనవి ఆవిరైపోతూ కాంక్రీటు లోపల కంటికి ఆనని సందులు మిగిల్చిపోతాయి. కాంక్రీటు పనులకు దేశమంతా పాటించే ప్రమాణం ఐఎస్ 456 ఈ సంగతిని అంకెల్లో చెప్పింది. మామూలు వాతావరణంలో ఉండే ఆర్‌సీసీకి (ఇనుప కడ్డీలు వేసిన కాంక్రీటుకి), సిమెంటు బరువులో 0.55 వంతుకు మించి నీళ్లు కలపకూడదు. అంటే 50 కిలోల బస్తాకు 27 లీటర్ల చిల్లర. ఇసుకలో అప్పటికే ఉన్న తడి కూడా ఈ లెక్కలోదే. వాన వెలిసిన మర్నాడు, తడి ఇసుకకి కూడా నిన్నటి కొలతతోనే నీళ్లు పోస్తే హద్దు దాటినట్టే.

ఆ క్షణంలో అక్కడ నిలబడి వద్దని చెప్పాల్సింది స్థానిక సంస్థ ఇంజినీరు. కానీ పంచాయతీరాజ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) ఒకే రోజున ఒక ఊళ్లో రోడ్డు, ఇంకో ఊళ్లో మురుగు కాలువ, మరో ఊళ్లో బడి గది చూడాలి. ఎస్టిమేట్లు వెయ్యాలి, కొలతల పుస్తకంలో (ఎం బుక్) కొలతలు రాయాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు, ఊరి స్థాయిలో ఇంజినీరింగ్ అసిస్టెంట్ల పోస్టులు కూడా వచ్చాయి. డిప్లొమానో బీటెక్కో చదివిన యువతీ యువకులు అలా నేరుగా పనుల దగ్గరికి చేరారు. మేస్త్రికి ఇరవై ఏళ్ల అనుభవం, వీళ్ల చేతిలో కొత్త ఉద్యోగం. మాట నెగ్గాలంటే ఏదో ఒక కొలత తోడుండాలి.

స్లంప్ కోన్ అలాంటి కొలతే. అడుగు, మూత లేని చిన్న ఇనుప గరాటు. ఎత్తు 30 సెంటీమీటర్లు. వెడల్పు కింద 20, పైన 10 సెంటీమీటర్లు. తాజా మాలును అందులో పొరలుగా నింపి, ఒక్కో పొరను కడ్డీతో 25 సార్లు పొడవాలి. తర్వాత కోన్‌ను మెల్లగా నిటారుగా పైకి లాగితే, మాలు కుప్ప కాస్త కుంగుతుంది. ఎంత కుంగిందో కొలిస్తే చాలు. ఇనుము తక్కువ వాడే స్లాబుల్లాంటి పనులకు 25 నుంచి 75 మిల్లీమీటర్లు సరిపోతుంది. మాలు పేడలా జారిపోతే నీళ్లు ఎక్కువైనట్టు మేస్త్రికి, వార్డు మెంబరుకి, చూడవచ్చిన ఊరివాళ్లకి ఒకేసారి తెలిసిపోతుంది. వాదించే పనే ఉండదు.

ఇంత ఉపయోగపడే ప్రమాణాలు చాలాకాలం డబ్బు పెట్టి కొనుక్కుంటేనే దొరికేవి. జాతీయ భవన నిర్మాణ కోడ్ ఒక్కటే ఒక దశలో 13,760 రూపాయలు. ప్రజల భద్రతకు సంబంధించిన నిబంధనలు ప్రజలందరికీ అందాలంటూ అమెరికాకు చెందిన కార్ల్ మలముద్ వాటిని ఇంటర్నెట్‌లో పెట్టారు. భారత ప్రమాణాల సంస్థ అభ్యంతరం చెప్పడంతో, 2015లో వ్యవహారం ఢిల్లీ హైకోర్టుకు చేరింది. ఇప్పుడు ఆ సంస్థే తన ప్రమాణాలను పోర్టల్‌లో ఉచితంగా ఇస్తోంది. ఏఈ ఫోన్‌లోనే ఐఎస్ 456 ఉంచుకోవచ్చు. అది ఉన్నది ఇంగ్లీషులో. మేస్త్రితో మాట్లాడాల్సింది తెలుగులో. ఒక్కో పనికి ఒక్కో పేజీ తెలుగు కాగితం సైటులో వేలాడదీస్తే ఎంత మేలో!

శిక్షణ సంస్థలకైతే హైదరాబాదు పెట్టింది పేరు. రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ, గచ్చిబౌలిలో ఇంజినీరింగ్ స్టాఫ్ కాలేజ్ ఉన్నాయి. నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఇంజినీర్లతో పాటు తాపీ పనివాళ్లకూ నేర్పుతుంది. నిజానికి పనివాళ్లకు నేర్పడమే ఎక్కువ అవసరం. బకెట్ ఉండేది వాళ్ల చేతిలోనే కదా. తరగతి గదిలో స్లైడ్లు చూసిన ఇంజినీరుకీ, స్వయంగా కోన్ నింపి లాగిన ఇంజినీరుకీ తేడా సైటులో బయటపడుతుంది. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ఈ సంగతి గుర్తించింది. పని చోటే ప్రయోగశాల ఉండాలంది. తనిఖీని మూడంచెలు చేసింది. రోడ్డు పూర్తయ్యాక ఐదేళ్ల నిర్వహణ కూడా కాంట్రాక్టరుదేనంది.

మాలు పరిచాక అసలు పరీక్ష నీళ్లు కట్టడంలో ఉంటుంది. మామూలు సిమెంటైతే కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటైనా ఎండలు మండుతున్నా కనీసం 10 రోజులు కాంక్రీటు తడిగా ఉండాలి. అందుకే ఊళ్లో మళ్లు కడతారు, గోనె సంచులు పరుస్తారు.

అదే మాలుతో పోసిన 15 సెంటీమీటర్ల క్యూబుల మీద తేదీ రాసి నీళ్లలో ఉంచుతారు. ఎం20 కాంక్రీటైతే 28వ రోజున ఒక్కో క్యూబు దాదాపు 46 టన్నుల బరువుకు తట్టుకోవాలి. అన్నాళ్లు ఆగకుండా 7వ రోజునే కొన్నిటిని నొక్కి చూస్తారు. అప్పటికి ఇంచుమించు మూడింట రెండు వంతుల బలం రాకపోతే, ఆ రోజు మిక్సర్ దగ్గర ఏం జరిగిందని ఏఈ మేస్త్రిని పిలిచి అడగొచ్చు. మిగతా రోడ్డు పోయడానికి ఇంకా సమయం ఉంటుంది.