పందెపు కారులో గాస్ టర్బైను

మనము నిత్యము చూచు మోటారు కారులో గాలిని పీల్చుట, నొక్కుట, మండించుట, పొగను వెడలగొట్టుట అను నాలుగు పనులును ఒకే సిలిండరులో ఒకదాని వెంట నొకటి జరుగును. గాస్ టర్బైనులో నివి వేర్వేరు తావుల ఎడతెగక సాగును. కంప్రెసరు గాలిని నొక్కి మంటగదికి పంపును. అచట ఇంధనము మండుచునే యుండును. వేడి వాయువు చక్రపు రెక్కలను త్రిప్పును. విమానములలో వాడుకకు వచ్చిన యంత్రమే యిది.

దీనిని పందెపు కారులో నమర్చినచో నేమగును? 1967లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో జరిగిన 500 మైళ్ల పందెమునకు ఆండీ గ్రానటెల్లి అట్టి కారును తెచ్చెను. పార్నెల్లీ జోన్స్ దానిని నడిపెను. గేరు మార్చు పని లేదు, చప్పుడు స్వల్పము, నాలుగు చక్రములకును బలము చేరును. అయితే పెడలు నొక్కిన వెంటనే వేగము హెచ్చదు, క్షణకాలము వేచియుండవలెను.

200 చుట్లలో 171 చుట్లు జోన్సే ముందుండెను. ఇంక మూడు చుట్లు మాత్రమే మిగిలియుండగా కారు ఆగిపోయెను. చెడినది టర్బైను కాదు, బలమును చక్రములకు చేర్చు భాగములోని చిన్న బేరింగు. ఏ. జె. ఫాయిట్ గెలిచెను.

1968 పందెమునకు నిర్వాహకులు టర్బైను గాలిద్వారమును సుమారు 24 చదరపు అంగుళముల నుండి 16కు కుదించిరి. గాలి తగ్గిన బలము తగ్గును. అయినను జో లియొనార్డ్ నడిపిన లోటస్ టర్బైను కారు తొమ్మిది చుట్లు మిగిలియుండగా ముందుండి, ఇంధనపు పంపు చెడి నిలిచెను. పిదప ఆ ద్వారము మరింత చిన్నదయ్యెను.

ఆ యంత్రము ఓడెనా, ఓడింపబడెనా? శ్రోతలే విచారింతురుగాక. శక్తి చాలక ఓడలేదని మాత్రము మనము చెప్పవచ్చును.