గొంతే కథ అయినప్పుడు

మన సినిమాల్లో హీరోయిన్‌కి పాట రాకపోయినా నష్టం లేదు. తెర మీద పెదాలు కదిపేది ఒకరు, వెనకాల పాడేది ఇంకొకరు. తన పాట తానే పాడుకునే నటి అరుదు కాబట్టే భానుమతి గారి గురించి ఇప్పటికీ ప్రత్యేకంగా చెప్పుకుంటాం. హాలీవుడ్‌కి కూడా ఇది కొత్త కాదు. 'మై ఫెయిర్ లేడీ' (1964)లో ఆడ్రీ హెప్‌బర్న్ పాటలు చాలావరకు పాడింది మార్నీ నిక్సన్.

మరి 2006లో 'డ్రీమ్‌గర్ల్స్' తీసినప్పుడు, అంతవరకు ఒక్క సినిమాలోనూ నటించని జెనిఫర్ హడ్సన్ అనే గాయనిని తెచ్చి బియాన్సే పక్కన ఎందుకు నిలబెట్టారు? నాకు అర్థమైనంతలో, ఆ పాత్రకి ఇంకో దారి లేదు.

ముందు అసలు కథ చూద్దాం. 1981 నాటి బ్రాడ్‌వే నాటకమే ఈ సినిమాకి ఆధారం. పేర్లన్నీ కల్పితాలే గానీ, వెనక కనిపించేది 'ది సుప్రీమ్స్' కథ. డెట్రాయిట్ పేటల్లో పెరిగిన ఫ్లోరెన్స్ బల్లార్డ్, మేరీ విల్సన్, డయానా రాస్ మోటౌన్ కంపెనీలో చేరారు. ఆ గ్రూపు పేరు మీద అమెరికా చార్టుల్లో 12 పాటలు నంబర్ వన్ అయ్యాయి. గ్రూపు మొదలవడానికి ముఖ్య కారణం ఫ్లోరెన్స్. కానీ మోటౌన్ అధిపతి బెరీ గోర్డీ డయానాని ముందు నిలబెట్టాడు. 1967లో గ్రూపు పేరులోనే డయానా పేరు ముందుకొచ్చింది. అదే ఏడాది ఫ్లోరెన్స్ బయటికి వెళ్ళిపోయింది.

ఎందుకిలా? సోల్ సంగీతం నల్లజాతి చర్చిల్లోని గాస్పెల్ పాటల నుంచి పుట్టింది. గుండె లోతుల్లోంచి లాగి పాడే పాట అది. గోర్డీకి కావాల్సింది తెల్లవాళ్ళ ఇళ్ళల్లో కూడా మోగే రికార్డు. దానికి డయానాది లాంటి పలచని, తీయని గొంతు సరిగ్గా కుదిరింది. సినిమాలో కర్టిస్ అనే మేనేజర్ చేసేదీ ఇదే. లీడ్ పాడే ఎఫీని వెనక్కి నెట్టి, డీనాని ముందుకు తెస్తాడు. డీనా పాత్ర బియాన్సేది, ఎఫీ పాత్ర హడ్సన్‌ది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఎఫీ అందరికంటే గొప్పగా పాడుతుందని సినిమాలో ఎవరో చెప్తే సరిపోదు, మన చెవులకే తెలియాలి. తెలియకపోతే కర్టిస్ చేసింది కరెక్టే అనిపిస్తుంది, ఎఫీ ఉత్త అలకల మనిషిలా మిగిలిపోతుంది. తనని తీసేశారని తెలిశాక ఆమె పాడే 'అండ్ అయామ్ టెల్లింగ్ యూ అయామ్ నాట్ గోయింగ్' పాటే కథకి వెన్నెముక. స్టేజీ మీద ఈ పాత్ర వేసిన జెనిఫర్ హాలిడేకి టోనీ అవార్డు వచ్చింది. అంటే సినిమాలో ఎవరు పాడినా ఆమెతో పోల్చి చూస్తారు. అలాంటి పాటకి అరువు గొంతు పెడితే మోసం ఇట్టే బయటపడుతుంది. పాటని స్టూడియోలో ముందే రికార్డ్ చేసుకున్నా, ఊపిరి ఎక్కడ పట్టాలో, మెడ ఎక్కడ బిగుస్తుందో పాడిన మనిషికే తెలుసు.

హడ్సన్ షికాగో అమ్మాయి, చర్చిలో పాడుతూ పెరిగింది. 2004లో 'అమెరికన్ ఐడల్'లో ఏడో స్థానం దగ్గరే ఎలిమినేట్ అయింది. గొంతు ఉండి కూడా పక్కకి తప్పించబడ్డ పాత్రని, ఓట్లు చాలక ఇంటికెళ్ళిన అమ్మాయి చేసిందన్నమాట! మాటల సీన్లలో అక్కడక్కడా కొత్తదనం తెలిసిపోతుందని నాకనిపించింది. పాట మొదలైతే మాత్రం అవేవీ గుర్తుండవు. 2007లో ఆమెకి ఉత్తమ సహాయనటి ఆస్కార్ వచ్చింది.

సినిమాలో ఎఫీ మళ్ళీ నిలదొక్కుకుంటుంది. ఫ్లోరెన్స్‌కి ఆ అదృష్టం దక్కలేదు. సోలోగా చేసిన రికార్డులు ఆడలేదు, 1976లో 32 ఏళ్ళకే చనిపోయింది. హడ్సన్ తనకి గోల్డెన్ గ్లోబ్ వచ్చినప్పుడు దాన్ని ఫ్లోరెన్స్‌కే అంకితమిచ్చింది.

ఈ వీకెండ్ సినిమా చూడాలనుకునేవాళ్ళు ముందు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని సుప్రీమ్స్ హిట్లు రెండు మూడు వినండి. ఈసారి డయానాని కాసేపు వదిలేసి, వెనక కోరస్‌లో వినిపించే గొంతుల మీద చెవి పెట్టండి.