బోరు మీదే కావొచ్చు.. నీళ్లు మాత్రం అందరివీ!

కడప నుంచి రాజంపేట వెళ్లే దారిలో ఒంటిమిట్ట ఉంది. కోదండ రామాలయంతో పేరుపొందిన ఈ ఊళ్లో ఒక బావిని ఇప్పటికీ ఇమాంబేగ్ బావి అనే పిలుస్తారు. కడప నవాబు తరఫున వచ్చిన ఇమాంబేగ్, గుడికి నీళ్ల ఇబ్బంది ఉండకూడదని దాన్ని తవ్వించాడని చెబుతారు. తవ్వించినాయన ముస్లిం, నీళ్లు గుడికి. అప్పట్లో అది ఎవరికీ వింతగా అనిపించినట్టు లేదు.

ఇప్పుడు బావులు పోయి బోర్లు వచ్చాయి. సీమలో వానలే తక్కువ. డబ్బున్నవాళ్లు ఇంకా లోతుకు బోరు దింపితే, పక్కనున్న ఊరి బోరు ఎండిపోతుంది. అడిగితే ‘నా పొలం, నా బోరు, నా ఇష్టం’ అంటారు. ఇది నిజమేనా?

పాత చట్టం ఏమంటుంది?

1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం తన భూమి కింది నీటిని తోడుకునే హక్కు భూమి యజమానికి ఉంది. మరి సెంటు భూమి లేని కూలీ, అద్దె ఇంట్లో ఉండే కుటుంబం సంగతేంటి? ఆ చట్టంలో వీళ్ల ఊసే లేదు.

కోర్టులు ఏమన్నాయి?

రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో కాలుష్యం లేని నీరు కూడా భాగమేనని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. హైదరాబాద్ హిమాయత్ సాగర్, ఉస్మాన్ సాగర్‌ల దగ్గర ఫ్యాక్టరీ పెట్టే కేసులో, మంచినీళ్లు అందించడం ప్రభుత్వ బాధ్యత అని 2000లో స్పష్టం చేసింది. నదులు, అడవుల్లాంటి సహజ వనరులకు ప్రభుత్వం యజమాని కాదు, ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమే అని 1996లో కమల్‌నాథ్ కేసులో తీర్పు వచ్చింది. మనం ఇళ్లలో అనే మాటలో చెప్పాలంటే, అది అమానత్. 2010 జూలై 28న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కూడా సురక్షిత తాగునీటిని మానవ హక్కుగా గుర్తించింది.

మన చేతిలో ఉన్నదేమిటి?

2002లో వచ్చిన ‘వాల్టా’ చట్టం. ఊరి తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా ఎవరూ బోరు వేయకూడదు. బోర్లను నమోదు చేయించాలి. భూగర్భ జలం దెబ్బతినే చోట నీళ్లు తోడకుండా ఆపే అధికారమూ ఈ చట్టం ఇచ్చింది.

కానీ చట్టం తనంతట తాను నడిచి రాదు. మీ వీధి బోరు పక్కనే కొత్త బోరు పడుతుంటే, దూరం కొలిచి, ఫోటో తీసి, తహశీల్దారు ఆఫీసులో రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి. పలకకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. అనుమతి ఉందో లేదో సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఒక్కరుగా కాదు, వీధంతా సంతకాలు పెట్టండి. నీళ్లు రాకపోతే అన్ని ఇళ్ల బిందెలూ ఖాళీయే కదా.

బోరు పడ్డాక పరుగెత్తే కంటే, రిగ్గు బండి ఊళ్లోకి వచ్చిన రోజే అర్జీ పెట్టడం మేలు.