అమెరికా అల్లుడి పన్నుకు ఇక్కడి పొలం లెక్క

గుడివాడ: డిసెంబరు 31 నాటికి పెళ్ళయి ఉంటే చాలు, అమెరికా పన్ను చట్టం దృష్టిలో ఆ ఏడాదంతా దంపతులే. కృష్ణా జిల్లా యువకులు పలువురు అక్కడి నుంచి వచ్చి పెళ్ళి చేసుకుని వెళుతుండగా, వీసా వచ్చేదాకా వధువు పుట్టింట్లోనే ఉండడం మామూలే. అక్కడ పన్ను నివాసి అయిన భర్త ఉమ్మడి రిటర్నా, విడి రిటర్నా అన్నది తేల్చుకోవాలి.

2025 ఆదాయానికి విడిగా వేస్తే 15,750 డాలర్లు, ఉమ్మడిగా అయితే 31,500 డాలర్లు స్టాండర్డ్ డిడక్షన్ లభిస్తుంది. కాగా, ఉమ్మడికి ఒప్పుకుంటే భార్యను కూడా అక్కడి నివాసిగానే లెక్కగడతారు. ఆమె పేరిట ఉన్న బ్యాంకు వడ్డీతో పాటు, ఇక్కడ ఆదాయపు పన్ను పడని పొలం కౌలు సైతం అక్కడ చూపవలసిందే. బకాయి పడితే ఇద్దరూ బాధ్యులే.

భార్యకు ఆదాయం లేకుంటే సాధారణంగా ఉమ్మడే లాభం. కౌలు, వడ్డీ ఎక్కువగా ఉన్నవారు సంతకానికి ముందే రెండు విధాలా లెక్క వేసి చూసుకోవడం మేలు.