ఫోర్ట్రాన్‌లో ప్రమేయముల రకము తెలుపుట ఎట్లు?

రేడియోలో మనము వినుచుండు వాతావరణ సూచనల వెనుక గొప్ప గణితము దాగియున్నది. గాలి వేగము, ఒత్తిడి, తేమ మున్నగువాని మార్పులను లెక్కించు ప్రోగ్రాములు పెక్కు నేటికిని ఫోర్ట్రాన్ అను కంప్యూటరు భాషలోనే నడచుచున్నవి. అమెరికాలో రూపొందిన డబ్ల్యు.ఆర్.ఎఫ్. అను వాతావరణ నమూనా ఈ భాషలో వ్రాయబడినదే. జాన్ బేకస్ నాయకత్వమున ఐ.బి.ఎమ్. సంస్థవారు 704 అను యంత్రము కొరకు 1957లో ఈ భాషను వెలువరించిరి. ఇంజనీరింగు, భౌతికశాస్త్రము చదువు విద్యార్థులలో కొందరికి నేటికిని దీనితో పని కలుగుచున్నది. అట్టివారిని తరచు తికమక పెట్టు ఒక దోషమును గూర్చియు, దానిని సవరించు మార్గములను గూర్చియు ఈ ప్రసంగమున ముచ్చటింతుము.

ముందుగా ప్రమేయమన నేమో చూతము. కొన్ని విలువల నిచ్చినచో లెక్క చేసి ఒక ఫలితమును తిరిగి యిచ్చు చిన్న ప్రోగ్రామునకు ప్రమేయమని పేరు. ఫోర్ట్రాన్‌లో దీనినే ఫంక్షన్ అందురు. రెండు సంఖ్యల సగటు కట్టుటకు ‘మీన్’ అను ప్రమేయమును వ్రాసితిమనుకొందము. 2, 3 ఇచ్చినచో 2.5 రావలెను. కాని ప్రోగ్రాము ఒకప్పుడు 2 అని చూపును. మరియొకప్పుడు 1075838976 అని చూపును. సూత్రమున తప్పు లేదు, కూడికలో తప్పు లేదు. మరి యీ వింత యెక్కడిది?

ఫోర్ట్రాన్‌లో ప్రతి పేరునకును ఒక రకముండును. ఇంటిజర్ అనగా పూర్ణాంకము. రియల్ అనగా దశాంశ భాగము గల సంఖ్య. మనము రకమును చెప్పనిచో కంపైలరు, అనగా మన ప్రోగ్రామును యంత్రభాషలోనికి మార్చు సాధనము, పేరులోని మొదటి అక్షరమును బట్టి తానే నిర్ణయించుకొనును. ఐ మొదలు ఎన్ వరకు గల ఆరు ఇంగ్లీషు అక్షరములలో దేనితో మొదలైనను అది పూర్ణాంకము, తక్కినవన్నియు రియల్. ‘మీన్’ అను పేరు ఎమ్ అక్షరముతో మొదలగుటచే, రకము చెప్పని యెడల అది పూర్ణాంక ప్రమేయమగును. లోపల 2.5 వచ్చినను, దశాంశ భాగము రాలిపోయి 2 మాత్రమే మిగులును. భాషా నియమము ప్రకారము ఇది సక్రమమే కావున కంపైలరు అభ్యంతరము చెప్పదు.

ఇది గ్రహించిన విద్యార్థి ప్రమేయపు తొలి వరుసను ‘రియల్ ఫంక్షన్ మీన్’ అని దిద్దును. అంతటితో చాలదు. ప్రమేయమును, దానిని పిలుచు ప్రధాన ప్రోగ్రామును వేరువేరు ఫైళ్ళలో నున్నప్పుడు, కంపైలరు ఒకదానిని చూచునపుడు రెండవదానిని చూడదు. ప్రధాన ప్రోగ్రాములో రకము చెప్పలేదు గావున అచ్చట మీన్ ఇంకను పూర్ణాంకమే.

1957 ఏప్రిలు 1వ తేదీకి పూర్వము మన దేశమున రూపాయ, అణా, పైసల లెక్క యుండెడిది. రెండున్నర రూపాయలను చీటిమీద 2-8-0 అని వ్రాసెడివారు. అణాల లెక్క నెరుగని బాలుడు ఆ చీటిని 280 అని చదివినచో, వ్రాసినవానిది తప్పు కాదు, అంకెలును మారలేదు. చదువు పద్ధతి మాత్రమే వేరైనది. ఇచ్చటను అంతే. నేడు వాడుకలో నున్న పద్ధతిని 2.5ను 32 బిట్లలో రియల్‌గా వ్రాసి, ఆ గుర్తులనే పూర్ణాంకముగా చదివినచో 1075838976 అగును. కొన్ని యంత్రములలో రియల్ ఫలితమును ఒక చోట నుంచగా, పూర్ణాంకము కొరకు మరియొక చోట వెదకుటచే, సంబంధమే లేని సంఖ్య వచ్చును.

ఇంత పెద్ద సంఖ్యను చూచినవా రెవరైనను అనుమానింతురు. కాని వర్షపాతపు సగటు 2.5 సెంటీమీటర్లకు మారుగా 2 అని వచ్చినచో ఎవరును అనుమానింపరు. నమ్మదగినట్లు కనబడు తప్పే ఎక్కువ ప్రమాదకరమైనది.

ఇక సవరణ మార్గములు. మొదటిది, ప్రతి ప్రోగ్రామునందును, విడిగా వ్రాసిన ప్రతి ప్రమేయమునందును, ప్రకటనలకు ముందు ‘ఇంప్లిసిట్ నన్’ అను వాక్యమును వ్రాయుట. 1991లో ప్రామాణికమైన ఫోర్ట్రాన్ 90 దీనిని భాషలో చేర్చినది. దీనితో కంపైలరు ఊహించుట మాని, ‘మీన్‌కు రకము లేదు’ అని దోషమును చూపును. అప్పుడు దోషము పోవుటకై ఆ వాక్యమును తీసివేయరాదు, రకమును చెప్పవలెను.

రెండవది, రకమును ఇరుచోటుల నొకే విధముగా తెలుపుట. ప్రమేయమున ‘రియల్ ఫంక్షన్ మీన్’ అనియు, పిలుచు ప్రోగ్రామున ‘రియల్, ఎక్స్‌టర్నల్’ అని మీన్ పేరును వ్రాయవలెను. ఒకచోట రియల్, మరియొకచోట డబుల్ ప్రెసిషన్ అన్నను దోషమే.

మూడవది, ఉత్తమమైనది, ప్రమేయమును మాడ్యూలునందు ‘కంటెయిన్స్’ అను మాట తరువాత నుంచి, ప్రధాన ప్రోగ్రామున ‘యూజ్’ అను వాక్యముతో దానిని రప్పించుకొనుట. అప్పుడు ఫలితపు రకమే కాక, మనమిచ్చు విలువల రకములను కూడ కంపైలరు సరిచూచును. రియల్ కోరిన చోట పూర్ణాంకము నిచ్చినచో వెంటనే తెలుపును. అయితే ప్రధాన ప్రోగ్రాములోని పాత ప్రకటనను మరువక తొలగింపవలెను. లేనిచో ఒకే పేరునకు రెండు ప్రకటనలని కంపైలరు ఆక్షేపించును.

ఇంకొక హెచ్చరిక. ప్రమేయము రియలే యైనను, లోపలి సంఖ్యలు పూర్ణాంకములైనచో, ఐదును రెండుతో భాగించినప్పుడు ఫోర్ట్రాన్ 2 అనియే చెప్పును. కావున లోపలి పేర్ల రకములను కూడ సరిచూడవలెను.

చివరగా, దిద్దిన ప్రోగ్రామును చేతితో కట్టిన లెక్కతో పోల్చి చూడవలెను. 2, 4 ఇచ్చి 3 వచ్చినదని తృప్తి చెందరాదు. దశాంశ భాగము రాలిపోవు దోషమున్నను అదే ఫలితము వచ్చును. 2, 3 ఇచ్చి చూడుడు. 2.5 వచ్చిననే ఆ దోషము తొలగినట్లు.